ఆపరేటరు గదిలోంచి వచ్చిన డైరెక్టరు

"ఎవరోయ్ ఈయన? మన హీరోలెవరితోనైనా పని చేశాడా?"

2025 ఫిబ్రవరి 20వ తేదీ పొద్దున్నే ఒక సంపాదకుడు గారు ఫోన్లో నన్నడిగిన మాట ఇది. అంతకు ముందు రోజే ఆఫ్రికాలో, మాలి దేశపు రాజధాని బమాకోలో, సులేమాన్ సిసే కన్నుమూశారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఆ వార్త చూడగానే ఆయన మీద ఓ పేజీ రాసిస్తానని నేనే ఫోన్ చేశాను. నాలాంటి విడి జర్నలిస్టుకి ఎవరో ఒకరు పోతే తప్ప పేజీ దొరకదు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది గానీ, నిజం.

"మనవాళ్ళతో చెయ్యలేదు సార్. ఆఫ్రికా డైరెక్టరు."

"ఆఫ్రికా వాళ్ళ సంగతి మనకెందుకయ్యా? ఆ పేజీలో కొత్త సినిమా ఓపెనింగు ఫోటోలు వేస్తున్నాం" అని పెట్టేశారు.

ఆయన్ని తప్పు పట్టను. తెలియని పేరుతో పేజీ నింపితే ఆయన్నీ పైన అడిగేవాళ్ళుంటారు. కానీ పక్కనే మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్న మా నాన్న కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఎవర్రా పోయింది?" అన్నాడు.

"ఓ డైరెక్టరు నాన్నా. మొదట్లో ప్రొజెక్టరు దగ్గర అసిస్టెంటు."

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఆపరేటరా? అయితే మనవాడే" అన్నాడు.

మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. తణుకు దగ్గర ఓ చిన్న ఊళ్ళో, ఓ థియేటర్లో నలభై ఏళ్ళు ఆపరేటరుగా చేశాడు. 1972లో పదిహేడేళ్ళ వయస్సులో రీళ్ళు చుట్టే కుర్రాడిగా చేరాడు. బస్సు మీద వచ్చిన ఫిలిం పెట్టెలు మోసుకురావడం, తెగిన చోట అతికించడం, కార్బన్ కడ్డీలు అరిగిపోతున్నకొద్దీ ముందుకు జరపడం... ఇవన్నీ అయ్యాక మిషను మీద చెయ్యి వెయ్యనిచ్చారు. తెర మీద మూల చుక్క కనపడగానే రెండో ప్రొజెక్టరు అందుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే నేల టిక్కెట్ల నుంచి ఈలలు, బూతులు. ఆ ఊళ్ళో మా నాన్న పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ఆయన్ని తిట్టనివాళ్ళు మాత్రం ఎవరూ లేరు!

అందుకే సిసే సంగతి ఆయనకి చెప్పడం మొదలెట్టాను. ఎడిటరు గారు వద్దన్న పేజీని నాన్నకి చదివి వినిపించినట్టయింది.

* * *

సులేమాన్ సిసే 1940 ఏప్రిల్ 21న బమాకోలో పుట్టారు. అప్పటికింకా అది ఫ్రెంచి వాళ్ళ ఏలుబడి. చదువు కొంత డాకర్‌లో సాగింది. చిన్నప్పట్నుంచీ సినిమా పిచ్చి. 1960లో మాలికి స్వాతంత్ర్యం రావడంతో ఇంటికి తిరిగొచ్చారు.

ఆ రోజుల్లోనే ఒక డాక్యుమెంటరీ ప్రదర్శనకి ప్రొజెక్టరు దగ్గర సాయంగా ఉన్నారు. కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబాని బంధించి తీసుకుపోతున్న దృశ్యాలు అందులో ఉన్నాయి. లుముంబా 1960 డిసెంబరులో పట్టుబడ్డారు, 1961 జనవరిలో చంపేశారు. చేతులు వెనక్కి కట్టి లారీ ఎక్కించిన ఆ బొమ్మలు లోకమంతా చూసింది. ఆ కుర్రాడు ప్రొజెక్టరు పక్క నుంచి చూశాడు. తను సినిమా మనిషిని కావాలని గట్టిగా అనుకున్నది అక్కడేనని సిసే తరవాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

ఇది విన్నప్పుడు నాన్న, "అవును, కేబిన్లోంచి చూస్తే వేరేగా ఉంటుందిరా" అన్నాడు. ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేకపోయాడు. హాల్లో కూర్చున్నవాడికి బొమ్మే కనపడుతుంది, ఆపరేటరుకి తన భుజం పక్కనుంచి వెళ్ళే వెలుతురు కూడా కనపడుతుంది... అని నేను అందిస్తే, "ఏమో, అదీ కావచ్చు" అన్నాడు. నాన్నకి నా మాటలు ఎప్పుడూ కొంచెం ఎక్కువే అనిపిస్తాయి.

కొత్తగా స్వతంత్రమైన మాలికి సోవియట్ రష్యాతో స్నేహం. సిసే ముందు ప్రొజెక్షన్ పని నేర్చుకోడానికి మాస్కో వెళ్ళారు. మళ్ళీ వెళ్ళి అక్కడి ప్రఖ్యాత ప్రభుత్వ సినిమా విద్యాలయంలో చేరి, 1969లో పట్టా పుచ్చుకున్నారు. పశ్చిమాఫ్రికా ఎండలో పెరిగిన మనిషి మాస్కో మంచులో కెమేరా పని నేర్చుకున్నాడంటే తమాషాగా ఉంటుంది గానీ, మాలిలో నేర్చుకోడానికి చోటేది? పైగా అక్కడి నల్లవాళ్ళు కెమేరా పట్టుకోవడమనేది కొత్త సంగతి. ఫ్రెంచి సర్కారు 1934లో లావాల్ డిక్రీ అని ఒక ఉత్తర్వు తెచ్చింది. ఆ వలస దేశాల్లో సినిమా తియ్యాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆఫ్రికా వాళ్ళకి ఆ అనుమతి దొరికేది కాదు. పౌలిన్ వియేరా, ఆయన మిత్రులు 1955లో ఆఫ్రికా వాళ్ళ బతుకు మీద చిన్న చిత్రం తియ్యాలనుకుని, సొంత నేల మీద వీలుకాక పారిస్ వీధుల్లో తీశారు! థియేటర్లు కూడా రెండు ఫ్రెంచి కంపెనీల చేతుల్లో ఉండేవి. తెర ఆఫ్రికా వాళ్ళ ఊళ్ళో ఉంది, బొమ్మ మాత్రం ఎక్కడెక్కడిదో. అన్నట్టు మన హిందీ సినిమాలకి కూడా ఆ దేశాల్లో మంచి గిరాకీ ఉండేది. ఉత్తర నైజీరియాలో 'మదర్ ఇండియా' దశాబ్దాల తరబడి ఆడుతూనే ఉండేది.

సిసే 1970లో దేశానికి తిరిగొచ్చి సమాచార మంత్రిత్వ శాఖలో కెమేరామన్‌గా చేరారు. మూడేళ్ళు చేసింది న్యూస్ రీళ్ళు, డాక్యుమెంటరీలు.

"న్యూస్ రీలా? అది వేస్తే మన జనం బీడీలు ముట్టించుకోడానికి బయటికి పోయేవాళ్ళు" అన్నాడు నాన్న.

పోతే పోయారు గానీ, సర్కారు కెమేరా భుజాన వేసుకుని సొంత దేశమంతా తిరిగిన మనిషికి దాన్ని చూపించే కన్ను వస్తుంది. సంతలో బరువులు మోసేవాళ్ళు, బడికెళ్ళే పిల్లలు, ఇసుక గాలి లేచినప్పుడు ఊరి రంగు... స్టూడియోలో పుట్టిన డైరెక్టరుకి ఇవి దొరకవు. సిసే తరవాత తీసిన సినిమాల్లో జనం ఎక్స్‌ట్రాల్లా కనపడకపోవడానికి కారణం ఆ మూడేళ్ళేనని నా నమ్మకం.

* * *

1975లో ఆయన మొదటి పెద్ద చిత్రం 'డెన్ ముసో' తయారైంది. 'ఆడపిల్ల' అని అర్థం. బంబారా భాషలో మాలి వాళ్ళు తీసుకున్న మొదటి పూర్తి నిడివి కథాచిత్రం. అప్పట్లో మాలి రాజభాష ఫ్రెంచి. ఇంట్లో, సంతలో, కొట్లాటలో జనం మాట్లాడేది బంబారా. ఆ భాష తెర మీద వినపడితే హాల్లో ఎలా ఉండి ఉంటుందో 1932లో 'భక్త ప్రహ్లాద' చూసిన మన తాతలకి తెలిసే ఉంటుంది.

కథ ఏమిటంటే, ఒక మూగపిల్ల. బాగా ఉన్న ఇంటి పిల్లే. ఒకడు బలాత్కరిస్తాడు, గర్భం వస్తుంది. ఇంట్లోంచి తండ్రి గెంటేస్తాడు, వాడు నాది కాదంటాడు. ఆ పిల్లకి నోరు లేదు, చెప్పుకోలేదు. చుట్టూ మాటలు బోలెడు, ఆమెకి మాత్రం ఒక్కటీ లేదు. సొంత భాషలో మాట్లాడే మొదటి సినిమాలో నాయికని మూగదాన్ని చేసిన మనిషి గుండె ధైర్యం చూడండి!

సినిమా బయటికి రాలేదు. నిషేధించారు. సిసేని జైల్లో పెట్టారు. ఎందుకూ? ఫ్రాన్సు వాళ్ళ ఆర్థిక సహాయం తీసుకున్నాడని నేరం. సొంత దేశంలో సినిమాకి పైసా పెట్టేవాడు లేడు. బయటివాడి దగ్గర తీసుకుంటే ద్రోహి. 1978 దాకా ఆ చిత్రం డబ్బాల్లోనే మగ్గింది. జైల్లో కూర్చుని ఆయన ఏం చేశారయ్యా అంటే, తరవాతి సినిమాకి స్క్రిప్టు రాసుకున్నారు! అదే 'బారా', అంటే 'పని'. బమాకోలో తోపుడు బండితో మూటలు మోసే ఒక కూలీ, అతనికి ఫ్యాక్టరీలో పని ఇప్పించిన ఒక ఇంజనీరు. కూలీల పక్షాన నిలబడినందుకు యజమాని ఆ ఇంజనీరుని చంపిస్తాడు. ఉగాదూగూలో జరిగే ఆఫ్రికా సినిమా ఉత్సవంలో 1979లో 'బారా'కి పెద్ద బహుమతి వచ్చింది. గుర్రమెక్కిన యెనెంగా రాకుమారి బొమ్మ అది.

ఆ తరవాత 'ఫిన్యే', అంటే 'గాలి'. 1982. సైనిక ప్రభుత్వం, పరీక్ష ఫలితాలు, విద్యార్థుల ఊరేగింపు, గవర్నరు గారి కూతురూ ఒక పేద కుర్రాడూ ప్రేమించుకోవడం. చెబితే మన సినిమా కథలాగే ఉంటుంది కదూ! కానీ 1980 మార్చిలో మాలి విద్యార్థి నాయకుడు అబ్దుల్ కరీమ్ కమారా నిర్బంధంలో చిత్రహింసల వల్ల చనిపోయాడు. అది జరిగిన రెండేళ్ళకి, అదే మూసా త్రావొరే సైనిక ప్రభుత్వం గద్దె మీద ఉండగానే, ఈ బొమ్మ తీశారు. అందులో కుర్రాడి తాతగారు పవిత్రమైన చెట్టు దగ్గరికెళ్ళి దేవతల్ని అడుగుతాడు. వాళ్ళు మా చేతిలో ఏమీ లేదంటారు. తాత ఇంటికొచ్చి తన పూజ దుస్తులు మంటలో వేసి, పిల్లల ఊరేగింపులో కలుస్తాడు. 1983లో ఇదే ఉత్సవంలో ఇదే బహుమతి మళ్ళీ సిసేకే. రెండుసార్లు అందుకున్న మొదటి మనిషి ఆయనే. 1991లో ఆ త్రావొరే ప్రభుత్వం విద్యార్థులూ జనమూ వీధుల్లోకొచ్చాకే పడిపోయింది. సినిమా వల్ల పడిందని నేననను. ముందే చూసిన కన్ను ఒకటుందని మాత్రం అంటాను.

* * *

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పుకోవాలి. ఇది చెప్పకుండా 'యీలెన్' సంగతి చెప్పలేను.

జర్నలిజం ఒక్కదాంతో ఇల్లు గడవదు. పెళ్ళిళ్ళకి ఫోటోలు, వీడియోలు తీస్తాను. మా నాన్న పని చేసిన థియేటరు 2012లో మూతపడి ఇప్పుడు ఫంక్షన్ హాలైంది. ఆపరేటరు గది ఉన్నచోట డెకరేషన్ వాళ్ళు సామాను పెట్టుకుంటారు. అందులో నేను పెళ్ళిళ్ళు తీస్తాను. ఏ పెళ్ళికెళ్ళినా పెళ్ళికూతురి తల్లి చాటుగా వచ్చి చెప్పే మాట ఒకటే. "బాబూ, పిల్ల కొంచెం తెల్లగా వచ్చేట్టు చూడు నాయనా."

మా ఇంట్లో అందరం నలుపే. నాన్న, నేను, చెల్లెలు. 2014లో చెల్లెలికి సంబంధాలు చూస్తున్నప్పుడు పెళ్ళిళ్ళ పేరయ్య ఫోటో అడిగాడు. చూసి, "మీవాడు ఫోటోలు తీస్తాడుగా, కొంచెం సవరించమనండి" అన్నాడు. అమ్మ నా వంక చూసింది. నేను కంప్యూటరు ముందు కూర్చుని ఓ అరగంటలో సవరించేశాను. ముఖం తెలుపు చేశాను, చేతులు తెలుపు చేశాను. మెడ దగ్గర గీత కనపడకుండా కష్టపడ్డాను కూడా! నా పనితనానికి నేనే మురిశాను.

మగపెళ్ళివారు ఫోటో చూసి వచ్చారు. పిల్లని చూశారు. వాళ్ళమ్మ గారు ఫోటో చేతిలో పట్టుకుని ఒకసారి దాన్నీ ఒకసారి చెల్లెల్నీ చూసింది. ఏమీ అనలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయారు. చెల్లెలు కూడా ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఆ ఫోటో నా టేబుల్ మీద బోర్లా పెట్టి ఉంది. అది పెట్టింది చెల్లెలేనని నాకు తెలుసు. తరవాత దాని పెళ్ళి, అది పని చేసే ఆఫీసులోనే, దాన్ని రోజూ చూసిన కుర్రాడితో జరిగింది. ఆ ఫోటో సంగతి మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు.

ఆ మరుసటి ఏడు హైదరాబాదులో ఒక ఫిలిం సొసైటీ వాళ్ళు 'యీలెన్' వేస్తే వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఏసీ ఉందని వెళ్ళాను. 1987లో తీసిన ఈ చిత్రానికి పేరు అర్థం 'వెలుగు'.

సినిమా మొదలవుతూనే సూర్యుడు. తరవాత కట్టేసిన ఒక కోడి దానంతట అదే భగ్గుమంటుంది. ఆ తరవాత ముఖాలు... నల్లటి ముఖాలు. పౌడరు లేదు, లైట్లు కొట్టి తెలుపు చేసింది లేదు. నుదుటి మీద ఎండ, బుగ్గ మీద నీడ, కన్ను తడి, అన్నీ విడివిడిగా కనపడుతున్నాయి. నలుపులో ఇన్ని రంగులున్నాయని, ఏళ్ళ తరబడి కెమేరా పట్టుకున్న నాకు ఎవరూ చెప్పలేదు. సిగ్గేసింది. ఇంటికెళ్ళేదాకా నాకు ఆ టేబుల్ మీద బోర్లా పెట్టిన ఫోటోయే గుర్తొచ్చింది.

ఇది తేలిక పని కాదండీ. కెమేరామన్లని అడగండి, చెబుతారు. మధ్యాహ్నపు ఎండలో తెల్లటి ఆకాశం వెనకుండగా నల్లటి ముఖం పెట్టి తీస్తే, ఆకాశానికి కొలత పెడితే ముఖం మసిబొగ్గవుతుంది, ముఖానికి పెడితే ఆకాశం మాయమైపోతుంది. పైగా కలర్ ఫిల్మే మనబోటి వాళ్ళ కోసం తయారైంది కాదు. ఫోటో లాబుల్లో రంగులు సరిచూసుకోడానికి వాడే నమూనా బొమ్మని 'షర్లీ కార్డు' అనేవారు. దాని మీద ఉండేది తెల్లమ్మాయే. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. మిగతా లోకం ఆ లెక్కలో సర్దుకోవాలి. మన సినిమావాళ్ళు ఎలా సర్దుకున్నారో అందరికీ తెలుసు. పాన్‌కేక్ డబ్బాలు, తెల్లటి హీరోయిన్ కోసం ఉత్తరాదికి ప్రయాణాలు, నల్లపిల్ల అయితే చెలికత్తె వేషమో హాస్యమో.

'యీలెన్' ఛాయాగ్రహణం చేసింది జాన్ నోయెల్ ఫెరాగు, జాన్ మిషెల్ హ్యూమో అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు. ఆ ఘనత వాళ్ళకివ్వాల్సిందే. కానీ ఏది చూడాలో, ఎంతసేపు చూడాలో చెప్పింది న్యూస్ రీళ్ళు తీసిన ఆ బమాకో కెమేరామన్. ఆఫ్రికా మీద యూరపువాళ్ళు తీసిన జాతుల పరిశీలన చిత్రాలు ఆయనకి నచ్చేవి కావు. మనుషుల్ని పురుగుల్లా చూపిస్తున్నారని కోపం. వాటికి జవాబుగానే ఈ సినిమా తీశానని ఆయనే అన్నారు. షూటింగు కూడా సాఫీగా సాగలేదు. మధ్యలో ముఖ్య నటుడొకాయన చనిపోతే పని ఆగిపోయింది. మళ్ళీ మొదలెట్టి పూర్తి చేశారు. ఆ ఏడు కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చింది. పోటీ విభాగంలో ఒక నల్ల ఆఫ్రికా చిత్రానికి అలాంటి గౌరవం దక్కడం అదే మొదలు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1983లో, ఆయన అదే కాన్‌లో న్యాయనిర్ణేతల్లో ఒకరు.

తరవాత కథ త్వరగా చెప్పేస్తాను. 1995లో 'వాతి', అంటే 'కాలం', దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద. మళ్ళీ పెద్ద చిత్రం 2009లో గానీ రాలేదు. పద్నాలుగేళ్ళు! ఇంత పేరున్న మనిషికి డబ్బు పుట్టలేదు. ఆఫ్రికాలో థియేటర్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే పశ్చిమాఫ్రికా సినిమావాళ్ళని ఒక సంఘంగా కూడగట్టి తిరిగారు. 2015లో 'ఓ కా', 'మన ఇల్లు'. బమాకోలో ఆయన పుట్టి పెరిగిన ఇంట్లోంచి వయసు మళ్ళిన అక్కచెల్లెళ్ళని కోర్టు తగువులో బయటికి గెంటేస్తే, కెమేరా వాళ్ళ వైపు తిప్పారు. 2023లో కాన్‌లో ఫ్రెంచి దర్శకుల సంఘం వాళ్ళు 'బంగారు రథం' బహుమతి ఇచ్చి గౌరవించారు. పోయిన రోజు పొద్దున కూడా విలేఖర్ల సమావేశంలో కూర్చుని, సినిమాని పట్టించుకోండని ప్రభుత్వాన్ని అడిగారు. ఇంకో మూడు రోజుల్లో ఉగాదూగూ ఉత్సవానికి జ్యూరీ అధ్యక్షుడిగా వెళ్ళాల్సిన మనిషి.

* * *

ఫిబ్రవరి 26న శివరాత్రి. చెల్లెలు ఉపవాసం, జాగారం అంటూ పుట్టింటికొచ్చింది. నాన్నకి శివరాత్రి అంటే దేవుడి కంటే ముందు థియేటరు గుర్తొస్తుంది. ఆ రాత్రి తెల్లవార్లూ ఆటలు. వరసగా మూడు సినిమాలు నిద్రపోకుండా నడిపేవాడు. "నాదే అసలు జాగారం, భక్తులు కునుకుతీసేవాళ్ళు" అంటాడు.

"మీ ఆపరేటరు సినిమా పెట్టరా" అన్నాడు పదకొండు దాటాక.

లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి 'యీలెన్' పెట్టాను. కింద అక్షరాలు ఇంగ్లీషు. నాన్నకి రావు. అమ్మకి అసలే కనపడవు. నేను నాలుగు ముక్కల్లో చెబుతూ వచ్చాను. పదమూడో శతాబ్దం. కొడుకు నియానంకోరో, తండ్రి సోమా. మంత్రవిద్య కొడుక్కి అందకూడదని తండ్రి అతన్ని చంపాలని వెతుకుతుంటాడు. ఇద్దరు నౌకర్లు ఒక మంత్రాల దుంగ మోస్తుంటే, ఆ దుంగ ఎటు లాగితే అటు పోతారు.

"హిరణ్యకశిపుడే వీడు. స్తంభం కూడా ఉంది!" అన్నాడు నాన్న. ఆ తరవాత నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనకి కథ మొత్తం అర్థమైపోయింది.

కొడుకు కోసం తల్లి మడుగులో దిగి, గిన్నెల్తో పాలు తల మీద పోసుకుంటూ దేవతని వేడుకునే చోట అమ్మ జపమాల ఆపింది. నల్లటి ఒంటి మీద తెల్లటి పాలు ధారగా జారిపోతున్నాయి. "అభిషేకం చేసుకుంటోంది" అంది అమ్మ. నాన్న ఊరుకుంటాడా! "మనవాళ్ళు కటౌట్లకి పోస్తారు, వాళ్ళు మనుషులకి పోస్తారు" అన్నాడు.

చెల్లెలు మాట్లాడకుండా చూస్తోంది. అత్తూ అనే ఆ రాజు గారి చిన్నభార్య పాత్ర వచ్చి, ఆ అమ్మాయి ముఖం టీవీ నిండా నిలబడినప్పుడు, ముందుకి వంగింది.

"అన్నయ్యా."

"ఊఁ."

"ఈ పిల్ల ఫోటో ఎవరూ సవరించలేదా?"

పదకొండేళ్ళు. నా నోట మాట రాలేదు. అమ్మ మాల తిప్పుకుంటోంది. నాన్నకి చెవుడు కాబట్టి వినపడలేదు, వినపడనట్టు ఉన్నాడో నాకు తెలియదు.

"తప్పైపోయిందే" అన్నాను ఎలాగో.

"సినిమా చూడు" అంది. కాసేపాగి, "మెడ దగ్గర మాత్రం బాగానే కలిపావు" అంది. నవ్వుతోందో లేదో చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఆఖర్లో తండ్రీ కొడుకులు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరి కళ్ళు ఒకరివైపు. తండ్రి ఏనుగవుతాడు, కొడుకు సింహమవుతాడు. ఇద్దరి దగ్గరున్న మంత్రదండాలూ మండుతాయి. వెలుగు పెరిగి పెరిగి తెర మొత్తం తెల్లగా అయిపోతుంది. బొమ్మే లేదు.

నాన్న గభాలున లేచాడు. కుడిచెయ్యి గాల్లోకి పోయింది, పక్కన ఏదో మీట ఉన్నట్టు. ఫిలిం గేట్లో ఇరుక్కుపోతే కార్బన్ వేడికి కాలి, తెర అలాగే తెల్లబడుతుంది. వెంటనే వెలుతురు మూసెయ్యాలి. నలభై ఏళ్ళ అలవాటు.

"నాన్నా, కాల్లేదు. సినిమాయే అంత" అన్నాను.

చెయ్యి దించలేదు. ఆ తెలుపులోంచి నెమ్మదిగా ఇసుక దిబ్బ బయటపడింది. ఒక చిన్న పిల్లాడు ఇసుక తవ్వి గుండ్రటి గుడ్డులాంటిది బయటికి తీస్తున్నాడు. నాన్న అలా నిలబడే చూశాడు. తరవాత కూర్చుని, "రెండో మిషను బాగానే అందుకున్నాడు" అన్నాడు.

చెల్లెలు టీ పెట్టడానికి లేచింది. నేను దాని వెనకే వంటింట్లోకి వెళ్ళాను.